టెక్కలి రాయి పొడితో పెన్ బ్లాంకులు: నీలం పోయి సిమెంటులా అవుతోంది, దారి చెప్పండి

టెక్కలి_లేతు
అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లె. ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేతు (ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్) పెట్టుకుని చింత, పనస ముక్కలతో పెన్నులు చేస్తుంటాను. పెన్నుగా చెక్కడానికి తీసుకునే దిమ్మెనే బ్లాంకు అంటాం. మా నాన్న క్వారీలో ఇరవై ఆరేళ్ళు పనిచేశారు. ఈ సంక్రాంతికి పని మానేస్తున్నారు. ఆయన చేత్తో తీసిన రాయితోనే ఒక పెన్ను చేసి ఆ రోజు ఆయన జేబులో పెట్టాలని నా కోరిక. మా బావ పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. టెక్కలి బ్లూ గ్రానైటు అంచు ముక్కలు ఒక సంచెడు తెచ్చిచ్చాడు.

ఇప్పటిదాకా చేసింది చెప్తాను. ముక్కల్ని గోనెసంచిలో చుట్టి సమ్మెటతో కొట్టాను. బఠానీ గింజంత అయ్యాక మిక్సీలో వేసి ఆపి ఆపి అరగంట తిప్పాను. జారు లోపలంతా గీతలు పడి, బ్లేడు మొద్దుబారిపోయింది. అమ్మకి కొత్త జారు కొనివ్వాల్సి వచ్చింది. పొడి మాత్రం ముగ్గు పిండంత మెత్తగా వచ్చింది. కానీ నీలం ఏదీ? ఉత్త బూడిద రంగు. సరే, రెజిన్‌లో (పోశాక గట్టిపడే జిగురులో) కలిస్తే రంగు తేలుతుందేమోనని ఎపాక్సీ రెజిన్ రెండు పాళ్ళు, దాన్ని గట్టిపరిచే హార్డనర్ ఒక పాలు కలిపి, పొడి వేసి అచ్చులో పోశాను. తెల్లారి చూస్తే పొడంతా అడుగున పేరుకుంది, పైన సగం ఖాళీ రెజిన్. లేతు మీద పెడితే ఉలి రెండు నిమిషాల్లో అరిగిపోయింది.

రంగు ఎందుకు పోయింది? పొడి కిందికి దిగకుండా ఏం చేయాలి? ఉలి నిలవాలంటే ఎలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రోలు_గంట్లు
తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. మిక్సీ మూత తీసినప్పుడు ముక్కుకి ఏం కట్టుకున్నావు?

టెక్కలి_లేతు
చేతి రుమాలు కట్టుకున్నాను అన్నా. షెడ్డు తలుపు తీసే ఉంది.

గరివిడి_మాస్టారు
నేను స్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యాను. రాళ్ళు ఏరడం చిన్నప్పటి నుంచీ అలవాటు. నీ ప్రశ్నల్లో మొదటిది చాలా మంచిది బాబూ, దాని గురించి కాస్త ఎక్కువే చెప్తాను.

గ్రానైటు ఒకే పదార్థం కాదు. అందులో పలుగురాయి, అంటే క్వార్ట్జ్, ఉంటుంది. ఫెల్డ్‌స్పార్ ఉంటుంది. అభ్రకం లాంటి నల్ల ఖనిజాల చుక్కలు ఉంటాయి. పాలిష్ పట్టిన పలకలో నీకు బూడిద నీలం కనిపిస్తుంది చూడు. వెలుతురు ఆ పెద్ద పెద్ద గింజల లోపలికి దిగి, తిరిగి బయటికి వచ్చేటప్పుడు తెచ్చే రంగు అది. గింజని పిండి చేస్తే వెలుతురు లోపలికి దిగేలోపే వేల అంచుల మీద చెదిరి వెనక్కి వచ్చేస్తుంది. అందుకే చాలా రాళ్ళు మెత్తగా నూరేకొద్దీ తెల్లబడతాయి. గాజు సీసా పగలగొట్టి నూరినా తెల్లని పొడే వస్తుంది కదా.

నీ బూడిద రంగుకి ఇంకో కారణం కూడా ఉంది. మోహ్స్ గట్టిదనం కొలతలో బలపం రాయి 1, పాలరాయి 3, ఫెల్డ్‌స్పార్ 6, పలుగురాయి 7. మామూలు ఉక్కు 5 నుంచి 6 మధ్య ఎక్కడో ఉంటుంది. మిక్సీలో రాయితో పాటు ఉక్కూ కొంత నలిగింది. ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ పొడిలో తిప్పి చూడు, అరిగిన ఉక్కు కొంత దానికి అంటుకోవచ్చు. కాకపోతే ఇప్పుడు కాదు, పొడిని నీళ్ళతో తడిపాక చూడు.

రెజిన్‌లో కలిస్తే రంగు వస్తుందనుకున్నావు, అది సగం నిజం. నీళ్ళలో ముంచిన గులకరాయి ముదురుగా కనిపించినట్టే రెజిన్‌లోనూ కనిపిస్తుంది. అయితే పలుగురాయి, ఎపాక్సీ రెండూ వెలుతుర్ని ఇంచుమించు ఒకేలా వంచుతాయి. అందుకని పలుగు పొడి రెజిన్‌లో పడితే తెల్లదనం పోయి గంజి నీళ్ళలా మసగ్గా కనిపిస్తుంది. ఈసారి రెజిన్ ఖర్చు పెట్టే ముందు చిటికెడు పొడి మీద రెండు చుక్కలు నూనె వేసి చూడు. ఇంచుమించు నూనెలో కనిపించే రంగే రెజిన్‌లోనూ వస్తుంది.

కాబట్టి నువ్వు రాయిని పొడి చేయొద్దు, నూక చేయి.

కళింగపట్నం_గవ్వ
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నేను రెజిన్‌లో గవ్వ ముక్కలు పోసి దుద్దులు, లాకెట్లు చేస్తాను. మొదట్లో అన్నీ మెత్తగా నూరి గుడ్డలో జల్లించేదాన్ని. ఏ గవ్వ వేసినా ఒకే సున్నం రంగు వచ్చేది. ఇప్పుడు నూకే వాడుతున్నాను, పొడిని పక్కన పెట్టేస్తాను.

నూక తీయడానికి మీ ఇంట్లో అమ్మకి తెలిసిన పనే ఉంది, బియ్యం గాలించడం. బేసిన్‌లో నీళ్ళు పోసి, నలగ్గొట్టిన రాయి వేసి, గుండ్రంగా తిప్పి, పది లెక్కపెట్టి, పైనున్న పాలలాంటి నీళ్ళు వేరే బకెట్లోకి ఒంపేయాలి. బరువు గింజలు ముందు దిగిపోతాయి, మెత్తని దుమ్ము నీళ్ళతో వెళ్ళిపోతుంది. తేట నీళ్ళు వచ్చేదాకా అలాగే ఆరేడు సార్లు చేయండి. ఒంపిన నీళ్ళు కాలవలో పోయకండి. ఒక రోజు కదపకుండా ఉంచితే మడ్డి అడుగున పేరుకుంటుంది. పైన తేట పారబోసి, ఆ మడ్డిని తడిగానే కవర్లో కట్టి పారేయాలి. ఆరనిస్తే మళ్ళీ దుమ్మే.

నూక బాగా ఎండాలి. మా సముద్రం గాలికి పైకి ఎండినట్టే ఉంటుంది కానీ లోపల తడి ఉంటుంది. తడి ఉంటే రెజిన్ పాలిపోయి బుడగలు లేస్తాయి. నేను ఇనప పెనం మీద సన్న మంట పెట్టి గంటసేపు వేయించి, వేడి తగ్గగానే మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోస్తాను. ఆ పెనం మళ్ళీ వంటకి వాడను.

అచ్యుతాపురం_దారి
ఇంత హడావిడి ఎందుకో నాకర్థం కాలేదు. గ్రైండర్‌కి డైమండ్ బ్లేడు బిగించి పొడిగా కోస్తే కింద పొడి గుట్టగా పడుతుంది. మా వీధిలో టైల్స్ పనోళ్ళు రోజూ అలాగే కోస్తారు. ఎవరికీ ఏమీ అవ్వలేదు.

రోలు_గంట్లు
నేను రాతిపని ఇంట్లో పుట్టినవాణ్ణి. మా తాత రోళ్ళు, తిరగళ్ళు కొట్టి, ఊరూరా తిరిగి అరిగినవాటికి గంట్లు పెట్టేవాడు. ఆయన ఆరుబయట చెట్టు కింద ఉలి, సుత్తితో చేసేవాడు, ఎనభై దాటి బతికాడు. మా నాన్న కాలానికి మిషన్లు వచ్చాయి. షెడ్డులో పొడిగా కోసేవాళ్ళు. సాయంత్రానికి కనురెప్పలు కూడా తెల్లగా ఉండేవి. నలభై ఎనిమిదో ఏట దగ్గు మొదలైంది. టీబీ అనుకుని మందులు వాడాం. మెట్లెక్కితే ఆయాసం. చివరికి ఒక డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, ముందు మీరేం పని చేస్తారని అడిగారు. అప్పుడు తెలిసింది అది సిలికోసిస్, అంటే రాతి దుమ్ము పీల్చితే వచ్చే జబ్బు అని. ఊపిరితిత్తుల్లో పడిన ఆ మచ్చ ఏ మందుతోనూ పోదు. యాభై ఆరో ఏట పోయారు.

అన్నయ్యా, మీ వీధి వాళ్ళకి ఏమీ అవ్వలేదంటున్నారు. మా నాన్నకి కూడా పదిహేనేళ్ళ పాటు ఏమీ అవ్వలేదు. దయచేసి ఆ మాట ఇక్కడ కుర్రాళ్ళకి చెప్పకండి.

గరివిడి_మాస్టారు
చదువుతుంటే గుండె బరువెక్కింది నాయనా. ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నాలుగైదు మైక్రాన్లకన్నా చిన్న రేణువు కంటికి కనిపించదు, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయి అక్కడే ఉండిపోతుంది. పలుగురాయి దుమ్ముని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, అంటే పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో, సిలికోసిస్ పేరు చేర్చారు.

చేతి రుమాలు ఆ రేణువుని ఆపలేదు. కనీసం ఎన్-95 మాస్కు, అదీ గడ్డానికి, ముక్కుకి సందు లేకుండా అతుక్కోవాలి. అసలు దుమ్మే లేవకుండా మొదటి నుంచి చివరిదాకా తడిగా చేయడం దానికన్నా నయం. మాస్కు రెండో కాపలా మాత్రమే.

అచ్యుతాపురం_దారి
రోలు_గంట్లు గారూ, మన్నించండి. తెలియక రాశాను. మా వీధి వాళ్ళకి మీ పోస్టు చదివి వినిపిస్తాను.

టెక్కలి_లేతు
అన్నా, నువ్వు రాసింది రాత్రి రెండుసార్లు చదివాను. మా నాన్నకీ పొద్దున్నే పొడి దగ్గు ఉంది. బీడీ వల్ల అనుకుంటున్నాం. ఈ వారం ఎక్స్‌రేకి తీసుకెళ్తున్నాను, ఆయన చేసిన పని గురించి డాక్టరుకి ముందే చెప్తాను. మిక్సీ పొడి మీద నీళ్ళు చల్లి మూటకట్టాను. షెడ్డు నేలంతా తడిగుడ్డతో తుడిచాను, చీపురు పెట్టలేదు.

ఒక సందేహం. బావ ఏమంటాడంటే, యూనిట్‌లో కోసినప్పుడు వచ్చే బురద ఎటూ తడిదే, మెత్తనిదే, డ్రమ్ముల కొద్దీ ఉంది, అదే తీసుకోమని. పనికొస్తుందా?

గరివిడి_మాస్టారు
రంగు కోసమైతే పనికిరాదు, అది పిండి కన్నా మెత్తన. ఇంకో సంగతి, అది ఏ మిషన్ బురదో అడుగు. డైమండ్ బ్లేడుతో కోసిన బురదలో చాలావరకు రాయే ఉంటుంది. పెద్ద దిమ్మెల్ని పలకలుగా కోసే గ్యాంగ్‌సా దగ్గరైతే రాపిడి కోసం ఉక్కు రవ్వ, తుప్పు పట్టకుండా సున్నం కలుపుతారు. ఆ బురద రెజిన్‌లో పోస్తే కొన్నాళ్ళకి తుప్పు చుక్కలు తేలతాయి. ఎండిందంటే ఊపిరికి అంతకన్నా చెడ్డ పొడి ఉండదు. ఇంటికి తేవద్దు.

పార్వతీపురం_కొండ
రాయిని ఎర్రగా కాల్చి చన్నీళ్ళలో వేస్తే చిట్లి పోతుందట కదా, దంచే పని తగ్గుతుందేమో?

గరివిడి_మాస్టారు
నిజమే. పలుగురాయి 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది, దాంతో గింజల మధ్య పట్టు వదులుతుంది. పూర్వం గనుల్లో రాతి గోడ దగ్గర మంట పెట్టి పగలగొట్టేవారు కూడా. కానీ రాతి పగుళ్ళలో తడి ఉంటే పొయ్యిలోనే పేలి ముక్కలు కళ్ళలో పడతాయి. పాలరాయిని ఇంకా ఎక్కువ వేడికి కాలిస్తే సున్నం అయి కూర్చుంటుంది, నీళ్ళు తగలగానే కుతకుత ఉడుకుతుంది. ఇంట్లో వద్దమ్మా.

చీపురుపల్లి_నలుపు
నాకు నల్ల బ్లాంకు కావాలి. మా వైపు మాంగనీసు రాళ్ళు దొరుకుతాయి, బొగ్గులా నిగనిగలాడుతాయి. అవి దంచవచ్చా? లేకపోతే సముద్రం ఒడ్డు నల్ల ఇసక అయితే దంచే పనే లేదు కదా?

గరివిడి_మాస్టారు
రెండూ వద్దు. మన గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు తవ్వకం 1890ల్లోనే మొదలైంది, ఆ రాయి మీద నాకూ ప్రేమే. కానీ దాని దుమ్ము ఊపిరితిత్తుల్ని దాటి మెదడు దాకా పోతుంది. 1837లో స్కాట్లండ్‌లో కూపర్ అనే వైద్యుడు మొదటిసారి ఈ జబ్బు గురించి రాశారు. ఆ రోగులు ఎవరనుకున్నావు, మాంగనీసు రాయిని పిండి చేసే మిల్లు పనివాళ్ళు. నడక తడబడటం, మాట ముద్దగా రావడం. నలుపే కావాలంటే నిగనిగలాడే రాయి ముక్కని అలాగే పొదుగు, నూరకు.

ఒడ్డున నల్ల ఇసకలో ఇల్మనైటు, గార్నెట్టు లాంటి ఖనిజాలతో పాటు మోనజైటు కూడా ఉండవచ్చు. మోనజైటులో థోరియం ఉంటుంది, అణుశక్తి చట్టాల కింద దాని మీద నియంత్రణ ఉంది. ఆ ఇసక అక్కడే ఉండనీ.

భావనపాడు_ఫైబర్
నేను ఫైబర్ బోట్లు రిపేరు చేస్తాను. పొడి కిందికి దిగడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. రాయి రెజిన్‌కి ఇంచుమించు రెండున్నర రెట్లు బరువు. పల్చగా ఉన్నంతసేపూ దిగుతూనే ఉంటుంది, ఎంత కలిపినా అంతే. రెజిన్‌లో రాయి పోయకు, రాతిలో రెజిన్ పోసెయ్యి. అచ్చు నిండా నూక నింపి, తట్టి తట్టి కుదించాలి. గింజకి గింజ ఆనుకుని ఉంటే ఇక దిగడానికి చోటెక్కడిది? సందుల్లోకి గోరువెచ్చని ఎపాక్సీ నెమ్మదిగా ఒక మూల నుంచే పోయాలి, రెండో మూల నుంచి గాలి బయటికి వస్తుంది.

లెక్క చెప్తాను. బ్లాంకు 20 మిల్లీమీటర్ల చదరం, 130 పొడవు అనుకుందాం. 52 సీసీలు. కుదించిన నూకలో ఇంచుమించు నూటికి 60 పాళ్ళు రాయి, మిగతాది సందు. అంటే రాయి 80 గ్రాముల పైన, రెజిన్ 23, 24 గ్రాములు చాలు. నూకలో కొంచెం సన్న నూక కూడా కలిపితే సందు ఇంకా తగ్గుతుంది.

బోట్లకి వాడే పాలిస్టర్ రెజిన్ చౌక అని అటు పోకు తమ్ముడూ. అది గట్టిపడేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది, గదంతా ఘాటు వాసన. ఒకవేళ ఎవరైనా వాడితే ఈ మాట మాత్రం మర్చిపోవద్దు: ఆ రెజిన్ గట్టిపడటానికి వేసే కోబాల్టునీ, క్యాటలిస్టునీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపకూడదు, మంట లేచి పేలుతుంది. కోబాల్టు ముందు రెజిన్‌లో బాగా కలిపేశాకే క్యాటలిస్టు వేయాలి.

ఎపాక్సీ హార్డనర్ చేతికి తగలనీయకు. నాకు పదేళ్ళు ఏమీ కాలేదు, ఇప్పుడు వాసన తగిలితేనే చేతులు దద్దుర్లెక్కుతున్నాయి. నైట్రైల్ గ్లౌజులు వేసుకో.

బొబ్బిలి_పనస
ఉలి సంగతి నేను చెప్తాను. బొబ్బిలి వీణల పనిలో మిగిలిన పనస ముక్కలతో పెన్నులు చేస్తాను, రాతి నూక పట్టీలు పొదుగుతాను. గ్రానైటు నూకకి ఉక్కు ఉలి నిలవదు, కార్బైడు ఉలి కూడా అంచు పెచ్చులూడుతుంది. డ్రిల్లు బిట్టయితే సగంలోనే కాలిపోతుంది. కాబట్టి డ్రిల్లే వద్దు. పెన్ను లోపల ఉండే ఇత్తడి గొట్టాన్ని అచ్చు మధ్యలో నిలబెట్టి చుట్టూ పోసెయ్యి. గొట్టం లోపలికి రెజిన్ పోకుండా రెండు చివర్లూ మైనంతో మూయాలి. గొట్టం బయట గీకి, ముదురు నీలం పెయింటు వేసి ఆరాక నూక, రెజిన్ పోసెయ్యి. రెజిన్ గుండా ఇత్తడి పసుపు తొంగిచూస్తే నీ టెక్కలి బ్లూ మళ్ళీ మాసిపోతుంది.

కిట్టు, అంటే పెన్ను విడిభాగాల సెట్టు, కూడా చూసుకో. 7 మిల్లీమీటర్ల గొట్టం ఉండే సన్న పెన్నుకి చివర్లో గోడ మిల్లీమీటరు కూడా మిగలదు. అందులో మిల్లీమీటరు గింజ పెడితే గోడే ఊడిపోతుంది. లావు కిట్టు తీసుకో, గింజ అర మిల్లీమీటరు దాటనీయకు. 30 నంబరు (అంగుళానికి 30 కన్నాల) జల్లెడలో దిగి 60 నంబరు మీద ఆగిన నూక సరిపోతుంది.

టెక్కలి_లేతు
ఇరవై రోజుల తర్వాత రాస్తున్నాను. ముందు నాన్న సంగతి. ఎక్స్‌రే తీశారు. మచ్చలు ఏమీ లేవు, కానీ ఆరు నెలలకోసారి ఊపిరి పరీక్ష చేయించుకోమన్నారు, బీడీ మానేయమన్నారు. వారం రోజులుగా మానేశారు.

దంచడానికి మిక్సీ జోలికి పోలేదు. రెండంగుళాల ఇనప పైపు ముక్కకి కింద మందం ప్లేటు వెల్డింగు చేయించి, లోపల పట్టే గుండ్రటి కడ్డీతో రోకటి పోటు వేసినట్టు వేశాను. పైపులో నీళ్ళు పోసి, పైన తడిగుడ్డ చుట్టాను. దుమ్ము లేవలేదు, చిందడం కూడా తక్కువే. పావుకిలో నూకకి గంటన్నర పట్టింది, భుజాలు నొప్పెట్టాయి. తడిలోనే జల్లించి, అక్క చెప్పినట్టు గాలించి, అయస్కాంతం తిప్పితే చెంచాడు ఇనప రజను వచ్చింది.

మొదటి బ్లాంకు చెడిపోయింది. ఒకే మూల నుంచి పోయమంటే తొందరపడి నడిమధ్యలో పోశాను, లోపల గాలి ఇరుక్కుని పెసరగింజంత గుంటలు పడ్డాయి. రెండోది బాగా వచ్చింది. నీళ్ళలో తడిపి చూస్తే నీలం, నలుపు, అక్కడక్కడ తెల్ల మెరుపు. పలకలో ఉన్నంత నీలం కాదు. కానీ చూడగానే టెక్కలి రాయి అని ఎవరైనా చెప్తారు.

ఇక దీన్ని గుండ్రంగా చేయడం ఎలా? ఉలి పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

రోలు_గంట్లు
ఉలి పెట్టకు. రాయిని రాతిలాగే చూడు, కొయ్యలా కాదు. మీ బావని అడుగు, యూనిట్‌లో సగం అరిగిన డైమండ్ పాలిషింగ్ ప్యాడ్లు పక్కన పడేస్తారు. బాగా గరుకైన 50 నంబరుతో మొదలుపెట్టి 100, 200, 400, అలా 3000 దాకా నీళ్ళతో రుద్దుకుంటూ పో. ఒక్క నంబరు కూడా దాటేయకు. మునుపటి గీత పూర్తిగా పోయాకే తర్వాతిది. కరెంటు లేతు మీద నీళ్ళు వాడొద్దు.

బొబ్బిలి_పనస
ఈసారి చదరం అచ్చు మానేసి గుండ్రటి కరెంటు పైపు ముక్కలో పోసెయ్యి. లోపల మైనం రాసి, పైపుని ముందే నిలువునా చీల్చి టేపు చుట్టి ఉంచుకుంటే తీయడం తేలిక. అరగదీసే పని సగం తగ్గుతుంది.

టెక్కలి_లేతు
పెన్ను అయ్యింది. అమ్మ పాత కుట్టుమిషన్ తొక్కుడు చక్రానికి బెల్టు వేసి, దాంతో బ్లాంకుని తిప్పుతూ తడి ప్యాడ్లతో రుద్దాను. కరెంటు భయం లేదు. నాలుగు సాయంత్రాలు పట్టింది. 3000 అయ్యాక తుడిచి చూస్తే ట్యూబులైటు అందులో గీతలా కనబడింది.

సంక్రాంతి దాకా ఆగలేకపోయాను, నిన్ననే ఇచ్చేశాను. నాన్న వెలుతురుకి పెట్టి చాలాసేపు తిప్పి చూశారు. బొటనవేలితో తడిమారు. "గింజ చిన్నది చేసేశావు గానీ, ఇది మన గట్టు రాయేరా" అన్నారు. తర్వాత అమ్మని పిలిచి చూపించారు. రాత్రి చొక్కా విప్పినప్పుడు పెన్ను తీసి దిండు కింద పెట్టుకున్నారు.

కళింగపట్నం_గవ్వ
చదువుతుంటే కళ్ళు చెమర్చాయి తమ్ముడూ. మిగిలిన నూక పారేయకు, నాకు వంద గ్రాములు కావాలి. కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుంటాను, గవ్వ నూక పంపిస్తాను.

టెక్కలి_లేతు
తప్పకుండా అక్కా. తడిగా పంపనా, ఎండబెట్టి పంపనా?

కళింగపట్నం_గవ్వ
తడిగానే, రెండు కవర్లలో కట్టి. ఇక్కడ వేయించుకుంటాను.